తొమ్మిదింపావు దగ్గర ఎర్ర గీత

ఆ కాగితాన్ని నేను మీటింగుకు ముందే చూశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, చివరికి డైరీలోనూ రాయలేదు. ఆ రోజు పేజీలో "మధ్యాహ్నం వాన. గొడుగు కాలేజీలో మరిచిపోయాను" అని రెండే వాక్యాలున్నాయి. రెండూ నిజమే.

విజయనగరంలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. గెస్ట్ లెక్చరర్‌ని. నా గొంతు మూడో బెంచీ దాకానే వెళుతుంది. దానికి పిల్లలే ఒక ఏర్పాటు చేసుకున్నారు. మూడో బెంచీ చివర కూర్చునే అమ్మాయి వెనక్కి తిరిగి, "మేడం ఏటన్నారంటే..." అని నా మాటల్ని ఆఖరి బెంచీకి అందించేది. ఆమె అందించే పాఠం నా పాఠం కన్నా బాగుండేదని నా అనుమానం.

గ్రాఫుల పాఠం మొదలుపెట్టిన రోజు, పుస్తకంలో ఉన్న గోధుమ దిగుబడి లెక్కలు పక్కన పెట్టి, బస్టాండులో ఎవరో చేతిలో పెట్టిన ట్యూషన్ సెంటరు కరపత్రం తీసుకెళ్ళాను. అందులో ఒక బార్ గ్రాఫు, రెండు నిలువు కమ్మీలు. ఒకదాని కింద "మేము", రెండోదాని కింద "ఇతరులు". మేము తాటిచెట్టంత, ఇతరులు గడ్డిపరకంత. పక్కనున్న అంకెలు చదవమన్నాను. చూస్తే తేడా నాలుగు మార్కులు. నిలువు గీత తొంభై దగ్గర మొదలైంది.

"ఓలమ్మా! కింద కాళ్ళు కోసీసినారు మేడం!" అని వెనక నుంచి ఒకమ్మాయి అరిచింది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి గరివిడి అవతల ఒక ఊరి నుంచి బస్సులో వచ్చేది. ఇంట్లో వరి, గోగు వేస్తారు. గొంతు పెద్దది. నాకు లేనిదేదో ఆమె దగ్గర ఉండేదని మొదటి రోజు నుంచీ అనిపించేది. పిల్లలందరూ నోట్సుల్లో "కమ్మీకి కాళ్ళు కొయ్యరాదు, సున్నా నుంచే మొదలుపెట్టాలి" అని రాసుకుని చుట్టూ పెట్టె గీసుకున్నారు.

మర్నాడు జ్వరం గ్రాఫు చెప్పాను. ఒంటి వేడిని సున్నా నుంచి గీస్తే, బాగున్న మనిషీ నూట మూడు జ్వరంతో వణుకుతున్న మనిషీ ఒక్కలాగే కనిపిస్తారు. కమ్మీలో మనం పొడవును చూస్తాం కాబట్టి దానికి కాళ్ళుండాలి. చుక్కల్లో కదలికను చూస్తాం కాబట్టి, కదలిక కనిపించే చోట మొదలుపెట్టాలి. ఎక్కడ మొదలుపెట్టామో అందరికీ కనబడేలా రాయాలి.

"అయితే నిన్న సెప్పిన రూలు తప్పా మేడం?" అంది గరివిడి వైపు అమ్మాయి.

"తప్పు కాదు. కమ్మీలకు అది, చుక్కలకు ఇది" అన్నాను. మూడో బెంచీ అమ్మాయి దాన్ని వెనక్కి అందించింది.

ఈ రెండు పాఠాలనూ నేను భోజనాల దగ్గర అక్కకు చెప్పాను. వివరంగా చెప్పాను కాబట్టే ఇదంతా రాయవలసి వస్తోంది.

అక్క అంటే మా కాలేజీలో లెక్కలు చెప్పే సీనియర్ మేడం. హాజరు రిజిస్టర్లన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. చేరిన కొత్తలో నేను నవలలకు న్యూస్‌పేపరు అట్ట వేసి, ఏదో పాఠ్యపుస్తకం అన్నట్టు స్టాఫ్ రూములో చదువుకునేదాన్ని. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని, అట్ట మూల కొంచెం ఎత్తి పేరు చూసి, మళ్ళీ సర్ది, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. మర్నాడు క్యారీ బ్యాగులో వాళ్ళింట్లోని పాత నవలలు రెండు తెచ్చి నా బల్ల కింద పెట్టింది. అప్పటి నుంచి ఇద్దరం కలిసే తినేవాళ్ళం. ఆమె డబ్బాలో పనసపొట్టు కూర ఉన్న రోజు సగం నాకే పెట్టేది.

డైరీ ఆఖరి పేజీల్లో నాకోసం నేను ఒక గ్రాఫు గీసుకునేదాన్ని. స్టాఫ్ రూములో ఆ రోజు నా అంతట నేను ఎన్నిసార్లు మాట్లాడానో, అన్ని గడుల పైకి ఒక చుక్క. మొదటి మూడు నెలలు చుక్కలన్నీ నేలను అంటుకునే ఉన్నాయి. అక్కతో కలిసి తినడం మొదలయ్యాక పైకి ఎక్కాయి. ఆ పేజీని ఒక్క అక్కకే చూపించాను.

"ఏటే పిల్లా, నా మూలాన్నేనా ఇంత కొండెక్కీసినావు?" అని నవ్వి నా జడ లాగింది.

మా కాలేజీ బెల్లు తొమ్మిదింపావుకు. మొదటి పీరియడ్‌లో హాజరు తీసుకున్నాక వస్తే పూట పోయినట్టే. గరివిడి వైపు నుంచి వచ్చే ఆరుగురు పిల్లల దారిలో రైల్వే గేటు ఉంది. గూడ్సు బండి వస్తే గేటు పడుతుంది. ఒక్కోసారి ఒకదాని వెనక ఒకటి రెండు బళ్ళు పోయేదాకా లేవదు. అంతకు ముందు బస్సు లేదు. ఆ ఆరుగురూ బ్యాగులు గుండెలకు ఆనించుకుని వరండాలో నిలబడేవాళ్ళు. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

"గేటు పడితే నాను దిగి బస్సుని నెత్తిన ఎట్టుకుని రాగలనా మేడం?" అంది ఆ పెద్దగొంతు అమ్మాయి ఒకరోజు. నవ్వుతూనే అంది కానీ, కళ్ళు నవ్వలేదు. ఈసారి హాజరు పోతే చదువు మాన్పించి నరసన్నపేటలో మావయ్య ఇంటికి పంపేస్తామని ఇంట్లో చెప్పారట. అక్కడ ఒక బట్టల కొట్లో పని సిద్ధంగా ఉందట.

బెల్లు అరగంట ఆలస్యంగా కొట్టించమని ప్రిన్సిపాల్ గారిని ఎలా అడగాలో నాకు తెలియదు. గ్రాఫు ఎలా గీయాలో తెలుసు. "మనం చెప్పొద్దు, చూపిద్దాం" అన్నాను పిల్లలతో.

రెండు నెలలు వాళ్ళు లెక్క పోగు చేశారు. ఉచిత ప్రయాణానికి బస్సులో ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు వెనక, కాలేజీ స్టాపులో దిగగానే టైము రాయాలి. గేటు పడిన రోజయితే పక్కన సున్న చుట్టాలి. కాలేజీకి రాగానే టికెట్టును ఒక పౌడరు డబ్బాలో వేయాలి. ఆరుగురూ టికెట్లను అంత జాగ్రత్త చేయడం చూసి కండక్టరు, "సున్నాకి వడ్డీ వస్తాదేటమ్మా, అలగ దాసుకుంటన్నారు?" అన్నాడట.

వరండాలో చార్టు పరుచుకుని గీయడానికి కూర్చున్నప్పుడు పిల్లలు మొదట చేసింది తప్పే. పెట్టె గీసుకున్న రూలు బాగా తలకెక్కింది కదా, సున్నా నుంచి మొదలుపెట్టి రోజుకొక కమ్మీ గీశారు. పది గంటల ఎత్తున కమ్మీలన్నీ గోడలాగా వరసగా నిలబడ్డాయి. నేను అడ్డు చెప్పలేదు. గీసేదాకా ఆగాను.

ఆ అమ్మాయి వెనక్కి జరిగి చూసింది. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయేటి? మరి మమ్మల్ని బయటెందుకు నిలబెడతన్నారు?" అంది. కాసేపు నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, తలమీద కొట్టుకుంది. "ఓలి దేవుడో, ఇది జ్వరం గ్రాఫు గదా మేడం!"

టీచరుగా నాకు అంత సంతోషం మళ్ళీ కలగలేదు.

రెండో చార్టు మీద నిలువు గీత ఎనిమిదిన్నర దగ్గర మొదలై పదిన్నర దగ్గర ఆగింది. మొదలైన చోట "ఇక్కడ ఎనిమిదిన్నర" అని పెద్దగా రాశారు. రోజుకొక చుక్క. గేటు పడిన రోజయితే లోపల ఖాళీగా ఉన్న చుక్క. తొమ్మిదింపావు దగ్గర అడ్డంగా ఒక ఎర్ర గీత. చుక్కల్లో ఎక్కువ భాగం ఆ గీత పైనే పడ్డాయి. బాగా పైకి పోయినవన్నీ ఖాళీ చుక్కలు.

గ్రాఫు స్పష్టంగా ఉందో లేదో చూడ్డానికి నాకొక పద్ధతి ఉంది. దాని సంగతి ఏమీ తెలియని మనిషికి చూపించి నోరు మూసుకోవాలి. ఆ మనిషే చెప్పాలి. బెల్లు కొట్టే ఆయాను పిలిచాం. ఆమె చీపురు గోడకు ఆనించి, చార్టు ముందు గొంతుక్కూర్చుని, ఎర్ర గీత మీద వేలు పెట్టింది.

"ఇది నా బెల్లా?"

ఎవరూ మాట్లాడలేదు.

"అయితే గీతకి పైనున్నోలంతా బయట నిలబడిపోనోలా? అయ్యో, ఇంతమందా!"

పిల్లలు చప్పట్లు కొట్టారు.

ప్రిన్సిపాల్ గారికి చూపించడానికి రోజు కుదిరాక నాకు నిద్ర పట్టడం మానేసింది. అక్క గమనించింది. "నువ్వు సార్ ముందు నోరు తెరుస్తావా, పిల్లా? నేను చెప్తాలే. నా పక్కన కూర్చో, చాలు" అంది. చార్టు మూలలు నలిగిపోయాయని, కంప్యూటర్లో వేయించి ప్రింటు తీయిస్తే సార్‌కు గౌరవంగా ఉంటుందని కూడా అంది. చార్టూ పౌడరు డబ్బా రెండూ ఆమె చేతికిచ్చాను. ఇచ్చాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అది నాకు బాగా గుర్తుంది.

మీటింగు రోజు పొద్దున అక్క బల్ల మీద పారదర్శకంగా ఉండే ఫైలు ఉంది. పైకే కనిపిస్తోంది ప్రింటు. పైన నేను రాసిన శీర్షికే. కింద ఆరుగురు పిల్లల పేర్లు. మధ్యలో నిలువు గీత సున్నా నుంచి ఇరవై నాలుగు దాకా ఉంది. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. రెండు నెలల చుక్కలన్నీ నడి మధ్యకు కాస్త కిందగా ఒక దారంలాగా సాగిపోతున్నాయి. ఖాళీ చుక్కలు లేవు. ఎర్ర గీత లేదు.

కంప్యూటరు దానంతట అదే అలా వేసి ఉంటుందనుకున్నాను. ఇంకా గంట టైముంది. మార్పించవచ్చు.

అక్క వచ్చింది. "అక్కా, ఆ ప్రింటు..." అన్నాను.

"బాగా వచ్చింది కదే?"

ఆమె నా కళ్ళలోకి చూస్తూ అడిగింది. జ్వరం గ్రాఫు అనే రెండు మాటలు నాలుక మీదే ఉన్నాయి. "ఆఁ, బాగుంది" అన్నాను. టిఫిన్ డబ్బా కడగాలన్నట్టు కుళాయి దగ్గరకు వెళ్ళిపోయాను. డబ్బాలో అన్నం ఇంకా అలాగే ఉంది.

ప్రిన్సిపాల్ గారి గదిలో ఆయన, అక్క, నేను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రింటును దూరంగా పట్టుకుని చూశారు.

"ఏటమ్మా, గీత సమంగానే ఉన్నాది గదా. బస్సు రోజూ ఒకే టైముకి వస్తన్నట్టే ఉంది."

"అవును సార్" అంది అక్క. "అటూ ఇటూ ఏవో కొన్ని నిమిషాలు. ఆడపిల్లలు కదా, బస్టాండు నుంచి కబుర్లు చెప్పుకుంటూ వస్తారు. దీనికోసం కాలేజీ టైము అరగంట వెనక్కి జరపక్కర్లేదు."

అప్పుడు నాకు అర్థమైంది. కంప్యూటరు చేసిన పని కాదది.

ఆయా టీ తెచ్చింది. గ్లాసులు పెడుతూ ఆయన చేతిలోని కాగితాన్ని వంగి చూసింది. వెతికింది. ఆమె వెతికింది ఎర్ర గీత కోసమే అని నాకు తెలుసు. తర్వాత నా వైపు చూసింది.

"నువ్వే కదమ్మా పిల్లలచేత చేయించావు? చెప్పడానికేమైనా ఉందా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన మంచిగానే అడిగారు.

"లేదు సార్" అన్నాను.

మెట్ల కింద ఆరుగురూ ఎదురుచూస్తున్నారు. అక్క రిజిస్టర్లు పట్టుకుని పక్క నుంచి పోయింది. నేను ఆగవలసి వచ్చింది.

"సార్ ఒప్పుకోలేదు" అన్నాను.

"గ్రాఫు సూసినారా మేడం? సూసి కూడానా?" అంది ఆ అమ్మాయి.

"అక్క చూపించారు. లోపల ఏం జరిగిందో నాకు తెలీదు. నన్ను పిలవలేదు."

వాన మొదలైంది. గొడుగు మరిచిపోయి నడిచి వెళ్ళాను.

కారణం తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. అక్క ఇంటి దగ్గర సాయంత్రం ట్యూషను చెబుతుంది. కాలేజీ వదిలేది అరగంట జరిగితే ఆ పిల్లలు వేరే చోటికి పోతారు. ఆ సంగతి ఆమె దాచలేదు కూడా. స్టాఫ్ రూములో ఎవరో టైము మారుతుందా అని అడిగితే, "మారితే నా బ్యాచి ఏమైపోవాలి?" అని మామూలుగా అంది. నాకు ముందే చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. కానీ చెప్పి ఉండాల్సింది. నా నవలల అట్ట మూల ఎత్తి చూసిన మనిషి, నా డైరీ ఆఖరి పేజీ చూసిన మనిషి, నేను అడ్డు చెప్పలేనన్న లెక్కను కూడా అక్కడి నుంచే తీసుకుంది. నాకు మింగుడుపడనిది అదే.

ఒకరోజు జవాబు పత్రాల కట్ట కోసం ఆమె బీరువా తెరిచాను. కింది అరలో కట్టల కింద దుమ్ము అంటకుండా చార్టు పరిచి ఉంది. బొమ్మ కిందికి, తెల్లటి వైపు పైకి. మూల ఎత్తితే ఎర్ర గీత కనిపించింది. అదే సమయానికి అక్క వెనక నిలబడి ఉంది.

"అక్కా, జ్వరం గ్రాఫు సంగతి మీకు చెప్పాను కదా" అన్నాను. ఆమెతో నేను పెట్టుకున్న పోట్లాట మొత్తం ఆ ఒక్క వాక్యమే.

"సున్నా నుంచి మొదలెట్టమని పిల్లలకి చెప్పింది నువ్వే కదే. నీ రూలే నేను పాటించాను" అంది. గొంతులో కోపం లేదు, ముద్దు చేసినట్టే ఉంది. "అయినా నువ్వు ముందే చూశావు. బాగుందన్నావు. ఇప్పుడేటి కొత్తగా?"

నేను చార్టు మూల కిందికి దించి, కట్టలు మళ్ళీ దానిమీద పేర్చాను. ఎందుకు తీసుకోలేదో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి డబ్బా పట్టుకుని లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని తింటున్నాను. ఆఖరి పేజీ గ్రాఫులో ఆ తేదీ తర్వాత చుక్కలు పెట్టలేదు. సున్నాలు పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

హాజరు జాబితా గోడకు అంటించినప్పుడు ఆరుగురిలో ముగ్గురు డెబ్బై ఐదు దాటలేదు. పెద్దగొంతు అమ్మాయికి రెండు పూటల తేడాతో పరీక్ష పోయింది. తర్వాతి సెమిస్టరులో ఆమె రాలేదు. మూడో బెంచీ అమ్మాయి అలవాటుగా వెనక్కి తిరిగి పాఠం అందించేది. వెనక పెద్దగొంతు అమ్మాయి చోటు ఖాళీగా ఉండేది.

మొన్న వేసవిలో శ్రీకాకుళం పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, జాకెట్టు గుడ్డల కోసమని నరసన్నపేట వెళ్ళాను. గుడ్డలు శ్రీకాకుళంలోనూ దొరుకుతాయి. రోడ్డు మీద నాలుగు బట్టల కొట్లు దాటి ఐదో దానిలో ఆమె కనిపించింది. మెడలో టేపు వేసుకుని గుడ్డ కొలుస్తోంది.

"మేడం! ఏటిలా సన్నబడిపోనారు? కూకోండి. సెట్టిగారూ, మా కాలేజీ మేడం ఈవిడ. ఫ్యాను ఇటు తిప్పండి."

నేను కూర్చున్నాను. కుశలం అడిగింది. కొట్టు పదింటికి తెరుస్తారని, మావయ్య ఇల్లు వీధి అవతలేనని చెప్పింది. "ఇక్కడ గేటు పడదు మేడం" అని నవ్వింది.

గల్లా వెనక గోడకు ఒక క్యాలెండరు తిరగేసి కట్టి ఉంది. దానిమీద స్కెచ్ పెన్నుతో చుక్కలు. ఏ వారం ఏ రంగు జాకెట్టు గుడ్డ ఎన్ని మీటర్లు పోయిందో గీసిందట. అమ్ముడుపోక మడతల్లోనే ఉండిపోయిన సరుకు ఏదో సెట్టిగారికి ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదట. నిలువు గీత అడుగున ముద్దగా రాసి ఉంది: "ఇక్కడ ఇరవై."

"మొదలెట్టిన సోటు రాసినాను, సూసినారా?" అంది.

"చాలా స్పష్టంగా ఉంది" అన్నాను. ఫీజు కట్టి పరీక్షలు మళ్ళీ రాయవచ్చని, ఫారాలు నేను తెచ్చిపెడతానని చెప్పాను. ఆ మాట కోసమే వచ్చానని చెప్పలేకపోయాను.

ఆమె నా గుడ్డలు మడత పెట్టి, కవరులో వేసి, కొంచెంసేపు కవరును తన దగ్గరే పట్టుకుంది.

"పండక్కి ఊరెల్తే ఆయా కనపడినాది మేడం. సానా సేపు మాటాడినాది" అంది. గొంతు తగ్గించి అంది. ఆమె గొంతు తగ్గించగా నేనెప్పుడూ వినలేదు.

తర్వాత కవరు నా చేతిలో పెట్టింది.

"ఆవేళ మీరూ ఆ గదిలోనే ఉన్నారంట గదా మేడం?"